పాస్‌పోర్టుకు పెట్టిన బొట్టు

రుక్కమ్మకు కోపం రాదని నానక్‌రామ్‌గూడలో అందరి నమ్మకం. రాకేం, అందరికీ వచ్చినట్టే వస్తుంది. కాకపోతే దాన్ని దిగమింగి పనిలోకి పోవడం ఆమెకు అలవాటు. చూసినవాళ్లు అది రాయిగుండె అన్నారు. అనడానికేం, నోరేమైనా అరిగిపోతుందా!

మాదాపూర్‌లో కొత్తగా లేస్తున్న కంప్యూటర్ కంపెనీల భవనాల దగ్గర ఆమె ఇసుక, కంకర మోసేది. మొగుడు ఐలయ్యది మస్కట్‌లో సెంట్రింగ్ పని. వచ్చే ఏడు వస్తానని ఏటా కబురు పెట్టేవాడు, ఏటా సెలవు దొరికేది కాదు. నాలుగో ఏడు సెలవుకు బదులు పిడుగులాంటి వార్త వచ్చింది. కట్టడం మీంచి పడ్డాడు, నడుము విరిగింది, విమానం ఎక్కించడానికి కూడా వీల్లేదు. ఇంట్లోంచి ఒక్క మనిషిని పిలిపించడానికి అక్కడి కంపెనీని ఒప్పించేసరికి ఎండాకాలం కాస్తా గడిచిపోయింది. ఉత్తరాలు రాసి, ఫోన్లు చేసి, పాస్‌పోర్టూ వీసా తెప్పించింది సైటు సూపర్‌వైజర్ ఉదయ్ భాస్కర్. బెజవాడ మనిషి, మంచివాడు. ఒకసారి ఆస్పత్రి నుంచి ఐలయ్య ఆయనతో ఫోన్‌లో ఒకే ఒక్క మాట అడిగాడు. "రుక్కి ఎప్పుడొస్తది సారూ?"

వాళ్లింట్లో ఏ కొత్త వస్తువైనా బొట్టు పెట్టకుండా వాడరు. కుండైనా, కొడవలైనా, సైకిలైనా అంతే. ప్రయాణం రోజు పొద్దున రుక్కమ్మ స్నానానికి పోయినప్పుడు అత్త సత్తెమ్మ పాస్‌పోర్టును దేవుడి ముందు పెట్టి తెరిచింది. ఫొటోలో కోడలి నుదురు బోసిగా కనిపించింది. అసలు బొట్టు ఉంది, ఫొటోలో పడలేదంతే. మొగుడి దగ్గరికి పోయే ఆడమనిషి బోడి నుదుటితో పోవడమేమిటని ముసలిదాని ప్రాణం విలవిల్లాడింది. తడి పసుపు దిట్టంగా అద్ది, దాని మీద కుంకుమ పెట్టి, కొబ్బరి నీళ్లు చిలకరించి, కళ్లకద్దుకుని మూసి పెట్టింది.

బేగంపేట విమానాశ్రయంలో కౌంటరు దగ్గర ఆఫీసరు దాన్ని తెరిచాడు. ఫొటోలో మొహం లేదు, పసుపు ముద్ద ఉంది. అప్పట్లో పేరూ ఊరూ అన్నీ చేత్తోనే రాసేవాళ్లు. ఆ సిరా అంతా అలుక్కుపోయింది.

"భర్త చావుబతుకుల్లో ఉన్నాడండీ, కాస్త దయచూడండి," అని ఉదయ్ భాస్కర్ బతిమాలాడు.

"మొహమే కనబడటం లేదు. ఈమె ఎవరని పంపమంటారు?" అన్నాడు ఆఫీసరు. ఆయన తప్పేం లేదు.

రుక్కమ్మకు పట్టరాని కోపం వచ్చింది. అరవాలనిపించింది, ఆ ముసలిదాని జుట్టు పట్టుకోవాలని కూడా అనిపించింది. అద్దాల అవతల సత్తెమ్మ విమానం కోసం ఆకాశంలోకి చూస్తూ చేతులు జోడించి నిలబడి ఉంది. ఇప్పుడు అరిస్తే అక్కడే కుప్పకూలుతుంది. రుక్కమ్మ ఆఫీసరు వైపు తిరిగింది.

"కొత్తది తియ్యాల్నంటె ఏం జెయ్యాలె సారూ?"

బయటికొచ్చాక సంగతి వినగానే సత్తెమ్మ మొహం పాలిపోయింది. "నేను పెట్టిన బొట్టుకేనా బిడ్డా?"

"మల్ల తీస్తరత్తా. ఫికర్ జెయ్యకు, పా."

ఊరు ఊరుకుంటుందా? కొడుకు దగ్గరికి కోడల్ని పోనీయని తల్లి అని నల్లా దగ్గర పక్కింటి నర్సమ్మ నలుగురిలో అనేసింది. రుక్కమ్మ బిందె దించి, "మా అత్తనేమన్న అన్నవంటె మంచిగుండదక్కా," అని మళ్లీ బిందె ఎత్తుకుంది. పొద్దున సైటు, మధ్యాహ్నం పాస్‌పోర్టు ఆఫీసు వరండా. మళ్లీ పోలీసుల విచారణ, నడుమ పండగ సెలవులు, ఆ పైన మళ్లీ వీసా. ఆమె ఎవరినీ విసుక్కోలేదు, ఎవరి ముందూ ఏడవలేదు. లోపల మాత్రం మొగుడి ప్రాణం ఎన్నాళ్లు ఆగుతుందోనని ప్రతి క్షణం భయంతో చచ్చేది.

అన్నీ వచ్చాయి. టికెట్ కూడా చేతికొచ్చింది. రేపు బయల్దేరాలనగా సైటు ఆఫీసుకు ఫోన్ వచ్చింది. ఉదయ్ భాస్కర్ ఆమెను పక్కకు పిలిచాడు.

"నిన్న పొద్దున పోయాడమ్మా."

"నన్నడిగిండా?"

జవాబుకు ఆగకుండా రుక్కమ్మ ఇసుక కుప్ప వెనక్కి పోయి, రెండు చేతులతో నేల కొట్టుకుంటూ ఏడ్చింది. మొదటి విమానం ఎక్కి ఉంటే ఆ మనిషి మంచం పక్కన ఇన్నాళ్లూ ఉండేది. ఆ లెక్క ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏడుపు ఆగాక ముఖం కడుక్కుని సూపర్‌వైజర్ దగ్గరికి వచ్చింది.

"సారూ, మా అత్త అడిగితె నేనేం చెప్తె మీరు గూడ గదే చెప్పాలె."

ఇంటికి పోయి చెప్పింది. సత్తెమ్మ రొమ్ములు బాదుకుంది, తల గోడకు కొట్టుకుంది. చివరికి కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"రుక్కీ, నిజం జెప్పు. నేను బొట్టు పెట్టకుంటె నువ్వు వాన్ని సూస్తుంటివి గదా?"

"లేదత్తా. నువ్వు బొట్టు పెట్టిన్నాడే పోయిండట. నేను విమానమెక్కినా దొరకకపోతుండె. కంపెనోళ్లు ఇన్నొద్దులు దాసిపెట్టి ఇయ్యాల చెప్పిన్రు."

ముసలిది నమ్మింది. కంపెనీవాళ్ల ఏడు తరాలనూ తిట్టిపోసింది. తిట్టడానికి ఎవరో ఒకరు దొరికారు కాబట్టి ఆ రాత్రి కాస్త కునుకు తీసింది.

శవం రాలేదు, మస్కట్‌లోనే పూడ్చారు. అలా ఐలయ్య చావుకు వేరే దినం స్థిరపడిపోయింది. మొదటి సంవత్సరికం ఆ దినానే చేశారు. చుట్టాలొచ్చారు, యాటపోతును కోశారు, వాడికిష్టమైనవన్నీ వండి పెట్టి సత్తెమ్మ కొడుకును తలుచుకుని తలుచుకుని ఏడ్చింది. రుక్కమ్మ అందరికీ వడ్డించి తానూ తిన్నది.

దసరా వెళ్లాక అసలు దినం వచ్చింది. రుక్కమ్మ ఎప్పటిలాగే కంకర మోసి వచ్చి, అన్నం వండి, అత్తకు పెట్టి గోడకు ఆనుకుని కూర్చుంది.

"పొద్దుగాల్ల గూడ తినకపోతివి. ఏందే, పానం మంచిగ లేదా?" అంది సత్తెమ్మ.

"ఆకలైతలేదత్తా, నువ్వు తిను," అంది రుక్కమ్మ.