నిన్నటి నీళ్లు

డిగ్రీ పాసయ్యాను! మా నాయన వైపు గానీ అమ్మ వైపు గానీ ఇంతవరకూ పదో తరగతి దాటినవాళ్లు లేరు. మార్కాపురం నుంచి బస్సులో వస్తూ ఆగలేక కండక్టరుకి చెప్పేశాను. "మంచిది, లోపలికి జరుగు" అన్నాడు.

అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. నాయన వీధంతా చెప్పి వచ్చాడు. మర్నాడు సాయంత్రం మా ఇంట్లో చర్చి అయ్యగారితో కృతజ్ఞత కూడిక, ప్రార్థన అయ్యాక వచ్చినవాళ్లందరికీ భోజనం అని ఇద్దరూ తేల్చేశారు.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి అమ్మ వాకిట్లో డ్రమ్ము వంచి నీళ్లు పారబోస్తోంది. సగానికి పైనే ఉన్నాయి.

ఇది మా వీధి పద్ధతి. బోర్లు ఎండాక మాకు ట్యాంకరే దిక్కు, అదీ రోజు విడిచి రోజు. అది వచ్చే పొద్దున ఇంటింటా మిగిలిన నీళ్లు పారబోసి డ్రమ్ములు కడుగుతారు. ఆ నీళ్లన్నీ వీధి చివర ఎండిన చేతిపంపు చుట్టూ బురదవుతాయి. అందులో పందులు పొర్లుతాయి. వానలకి పంపు మళ్లీ ఊరినా వచ్చేది ఆ మురికే. మూడేళ్లుగా చెబుతూనే ఉన్నాను.

"మూత పెట్టిన నీళ్లు రెండు రోజులకి ఏమైతాయమ్మా?"

"నిలవ నీళ్లు. నీ కూడిక్కి అయ్యగారికి నిన్నటి నీళ్లతో వండి పెట్టమంటావా?"

"నేను చదివింది కెమిస్ట్రీ!"

"సదువుకో తల్లీ, ఎవరొద్దన్నారు? పక్కకి జరుగు, కాళ్లు తడుస్తాయి."

నా మీద ప్రేమతోనే, నా డిగ్రీ కోసమే, నా కళ్ల ముందే పారబోసింది. ఇంక ఏమని అరవాలి?

మధ్యాహ్నం రెండయినా ట్యాంకరు రాలేదు. నాయన డ్రైవరుకి ఫోను చేశాడు. "బేస్తవారిపేట కాడ ఇంజను ఆగిపోయిందంట. రేపు వస్తాడంట."

ఇంట్లో ఉన్నది తాగే నీళ్ల క్యాను ఒక్కటే. పాతికమందికి బియ్యం, కోడిమాంసం సిద్ధంగా ఉన్నాయి. ఉడికించడానికి నీళ్లు లేవు. వీధిలో ఎవరినడిగినా డ్రమ్ము బోర్లించి చూపించారు. అమ్మ గుమ్మంలో కూలబడింది. "ఇంటికి పిలిచి పస్తు పంపిచ్చినామంటారు. అందరికీ వద్దని చెప్పిరా పో."

నేను చెప్పులేసుకుంటుంటే ఎదురింటి పెద్దమ్మ పిలిచింది. ఒంటరి మనిషి. "మే, నడుం వంగక డ్రమ్ము వంచలేదు నేను. మా ఇంట్లో రెండు రోజుల నీళ్లున్నాయి. మీకు పనికొస్తాయో లేదో."

ఆమె సిగ్గుపడుతూ చెప్పింది. వీధి మొత్తంలో నీళ్లు మిగిలింది, పారబోసే శక్తి లేని ఆ ఒక్క ఇంట్లోనే! బిందెలు పట్టుకుని పరుగెత్తాను.

సాయంత్రం ప్రార్థన అయ్యాక అయ్యగారు మూడుసార్లు కూర వేయించుకున్నారు. "అమ్మా, నీళ్లలో ఏముందో గానీ అన్నం కమ్మగుంది" అన్నారు. నేను నోరు తెరిచేలోపు అమ్మ నా తొడ గిల్లింది. "చెప్పినావంటే సంపుతా." కండక్టరు దగ్గర కూడా ఆపుకోలేకపోయిన నా నోరు ఆ పూట కూరతో మూసుకున్నాను.

తర్వాతిసారి ట్యాంకరు వచ్చే పొద్దున డ్రమ్ము దగ్గర కాపలా కూర్చున్నాను. అమ్మ వచ్చి మూత తీసి చూసింది. మళ్లీ పెట్టేసింది.

"పారబోయవా?"

"నీ మాట విని కాదులే. నడుం పట్టేసింది" అని, నిండు బిందె చంకనెత్తుకుని చకచకా లోపలికి పోయింది.