మా వాకిట్లో పెరిగిన చాంద్

మా చిన్నప్పుడు... బక్రీదుకు చాలా ముందుగానే అబ్బా కంకిపాడు సంత నుంచి ఒక మేకపోతును తోలుకొచ్చేవారు. పండగ దాకా అది మా వాకిట్లోనే. "అప్పటికప్పుడు కొని కోస్తే దేవుడికి ఇచ్చినట్టెలా అవుతుందమ్మా... పెంచుకున్నదాన్ని ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు గుండె కలుక్కుమనాలి" అనేవారు.

తొంభైల మొదట్లో ఒక ఏడు వచ్చినదానికి నుదుట తెల్లమచ్చ. మా అందరిలోకీ చిన్నది రేష్మా, దానికి చాంద్, అంటే చందమామ అని పేరు పెట్టింది. రేష్మా తన చేత్తో అవిశ ఆకు పెడితేనే అది తినేది. తన జడ రిబ్బను దాని మెడకు కట్టేసి, బడిలో తిట్లు తిన్న రోజులున్నాయి...

పండగ ముందు రోజు రేష్మా అబ్బా కాళ్ల దగ్గర కూర్చుంది.

"చాంద్‌ని ఇచ్చేస్తారని నాకు తెలుసు అబ్బా. కానీ మనం తినొద్దు. నా ముద్దలోకి అది రావద్దు."

అబ్బా రేష్మా తల నిమిరారు. "రాదు తల్లీ. నా మాట" అన్నారు.

మాంసాన్ని మూడు వాటాలు వేయడం మా ఆచారం. ఇంటికి ఒకటి, అయినవాళ్లకు ఒకటి, లేనివాళ్లకు ఒకటి. ఆ ఏడు ఇంటి వాటా కూడా పంచేశారు. మధ్యాహ్నం పప్పు, వంకాయ కూర.

"బక్రీదుకి వంకాయా! ఎవరైనా వింటే నవ్వుతారు" అని తమ్ముడు గునిశాడు.

"నవ్వితే నవ్వనీ. ముందు తిను" అంది అమ్మీ.

సాయంత్రం ఎదురింటి అమీనా ఖాలా గిన్నె నిండా కూర పట్టుకొచ్చింది. అమ్మీకి చెల్లెలి వరస. "ఏంటి ఆపా, పండగ పూట మీ ఇంట్లో మసాలా వాసనే లేదు! పిల్లల మొహాలు చూడు, ఎలా వాడిపోయాయో."

వాళ్ల మరిది ఇబ్రహీంపట్నం నుంచి మాంసం పంపాడని పొద్దునే విన్నాం. ఆ కూరే అనుకున్నాం... రేష్మా మళ్లీ అడిగి పెట్టించుకుంది.

"ఎంత బాగుందో ఖాలా!"

"ఉండదా మరి! మీ చాంద్‌దేనే పిచ్చిదానా. మరిది పంపింది రేపటికి ఉంచి, మీ అబ్బా పంపిందే ముందు వండాను. అంత ముద్దుగా మేపావు... నీకు పెట్టకుండా మాకు గొంతు దిగుతుందా?"

పాపం, ఆవిడకు ఏమీ తెలియదు. పంచేటప్పుడు కారణం చెప్పడానికి అబ్బాకు మొహమాటం.

రేష్మా ఏడవలేదు. పంపు దగ్గరికి వెళ్లి చేతులు కడుగుతూనే ఉంది. అబ్బా వచ్చి తన తల మీద చెయ్యి వేయబోతే పక్కకు జరిగింది... అంతే. ఆ జరగడాన్ని అబ్బా చివరిదాకా మరిచిపోలేదు.

ఆ తర్వాత మా వాకిట్లో మేక పెరగలేదు. రేష్మా ఇప్పటికీ మాంసం ముట్టదు. ఎవరైనా అడిగితే "అలవాటు లేదండీ" అంటుంది.

తప్పెవరిదని నమాజు తర్వాత చాలాసార్లు అడిగాను. మాటిచ్చిన అబ్బాదా... ప్రేమగా వండిన ఖాలాదా... ఎవరి మీదికీ నా మనసు పోదు.

ఇప్పుడు డబ్బు కడితే వాటా కవర్లో ఇంటికొస్తుంది. ఏ జీవమో, ఎక్కడ పెరిగిందో తెలియదు. పిల్లలు ఫోన్ చూస్తూ తినేస్తారు. ఎవరి కళ్లూ తడవవు... అది మంచికో చెడుకో నాకు తెలియదు.

మీరు పేరు పెట్టి పెంచుకున్నది ఎప్పుడైనా మీ కంచం దాకా వచ్చిందా? ఆ రోజు తిన్నారా... లేచిపోయారా?