అవ్వ చేసిన చెనిక్కాయ ఉంటలు

మొన్న ఆదివారం మా అమ్మాయి, మనవడికి కొన్న చిరుతిండి పొట్లాన్ని కిటికీ వెలుతురులో పట్టుకొని, వెనకవైపు చీమతలకాయలంత అక్షరాలు చదవడానికి తంటాలు పడుతూ కూర్చుంది. అందులో వాడే రంగు పిల్లలకు మంచిది కాదని ఎవరో ఫోనుకు వీడియో పంపించారట. వాడేమో పక్కన నిలబడి చెయ్యి చాచి ఒకటే ఏడుపు. పెట్టాలా వద్దా నువ్వే చెప్పమని నన్నడిగింది. నాకు సరిగ్గా ఈ పిల్ల కోసమే ఒకప్పుడు నేను పడిన గుంజాటన గుర్తుకొచ్చింది.

అప్పట్లో మేము రాయదుర్గంలో ఉండేవాళ్ళం. నేను, మా ఆయన ఇద్దరం జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో పనిచేసేవాళ్ళం. అమ్మాయి రెండో తరగతి. బడి గేటు పక్కన ఒక అవ్వ గోనెపట్ట పరుచుకొని, వెదురు గంపలో బొరుగులు, చెనిక్కాయ ఉంటలు పెట్టుకొని అమ్మేది. వేయించిన వేరుశనగ పప్పును బెల్లం పాకంలో కలిపి చుట్టిన ఆ ఉంట ఒక్కటి చేతిలో పడితే చాలు, మేము పని ముగించుకొని ఇల్లు చేరేదాకా మా పిల్ల ఆకలి అనేది కాదు.

ఒక కార్తీకంలో, ఆ ఉంటలు తిన్న పిల్లలిద్దరికి వాంతులయ్యాయన్న మాట పుట్టింది. సాయంత్రానికి ఇద్దరు కాస్తా పదిమందయ్యారు. ఆ మాట ఒక మిషను నుంచి ఇంకో మిషనుకు దాటుకుంటూ నా దాకా వచ్చేసరికి, అవ్వ పాకంలో సబ్బుపొడి కలుపుతుందనే దాకా పోయింది. నేనూ భయపడి మాన్పించాను. మర్నాడు చూస్తే గంప నిండుగా ఉంది, అవ్వ ఒంటరిగా కూర్చుని ఉంది.

"ఊరంతా అంటాంటే మనకెందుకు? మానేస్తే పాయ" అన్నాడు మా ఆయన. అతనన్నదీ తప్పు కాదు. కానీ నాకు మనసు కుదుటపడలేదు. అబద్ధమైతే ఆ ముసలిదాని కడుపు కొట్టిన పాపం. నిజమైతే నా బిడ్డ కడుపు. ఆలోచించి ఆలోచించి, సెలవురోజు అమ్మాయిని వెంటబెట్టుకొని కొండ కింద సందులో ఉన్న అవ్వ ఇంటికే పోయినాను.

"అవ్వా, నీ ఉంటలు తిని పిల్లోళ్ళకు వాంతులైనాయంటాండారు. నిజమేనా?" అని మొహమాటం లేకుండా అడిగేశాను.

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "మొగం తిప్పుకొని పొయ్యేటోళ్ళే గాని, అడగను వచ్చినోళ్ళు లేరు. రా, కూచో. నీ కండ్లతోనే చూడు" అని చేట ముందుకు నెట్టింది. పప్పులో నల్లబడినవి, బూజు పట్టినవి సగానికి సగం ఉన్నాయి. "ఈ తూరి తెచ్చిన మూటే ఇట్లుండాది. ఏరే పారేస్తాండా. కండ్లు సరిగా ఆనవు. ఒగటో రెండో పడిండాయేమో, కాదనను."

మూట ఎక్కడ కొన్నావని అడిగితే మా పుట్టినూరి పేరు చెప్పింది. ఎవరి దగ్గరని అడిగితే మా అన్న పేరు చెప్పింది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఏడు కావలసినప్పుడు రాని వాన, పెరికిన చెనిక్కాయ చెట్లు అన్న చేలో ఆరుతుంటే వచ్చిందని, కాయంతా తడిసిందని నాకు తెలుసు. మా నాయన బతికున్నంతకాలం అలాంటి కాయను ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు. ఆ మూట అమ్మింది మా అన్నే అవ్వా అని తలవంచుకొని చెప్పాను. అవ్వ చేటలోంచి ఇంకో నల్ల పప్పు ఏరి పక్కన పడేసింది. "ఆయప్ప మాత్రం ఏం జేస్తాడులే, వాన అట్లా జేసె" అంది. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి ఊరికి పోయినాను. అన్న వాదించలేదు. ఏరి అమ్ముకుంటుందిలే అనుకున్నానని మాత్రం అన్నాడు. ఇంటికోసమని బాగా ఎండబెట్టి దాచుకున్న మూటను తానే మోసుకొచ్చి అవ్వ గడపలో దించాడు, పాడైన మూటను తీసుకుపోయి దిబ్బలో పూడ్చాడు. తరువాత ఎన్నో ఆదివారాలు నేనూ అమ్మాయీ అవ్వ పంచలో కూర్చుని పప్పు ఏరిపెట్టాం.

కొత్త పప్పుతో అవ్వ మొదటిసారి ఉంటలు చేసిన రోజు నేనూ బడి గేటు దగ్గరికి పోయినాను. తల్లులందరి ముందూ ఒక ఉంట కొని, సగం నేను తిని, సగం నా బిడ్డకిచ్చి, చెడ్డ కాయ మా ఇంటిదేనని చెప్పేశాను. కొందరు మూతి విరిచారు. కొందరు కొన్నారు. ఉగాది నాటికి అవ్వ గంప మళ్ళీ ఖాళీ అవుతూ వచ్చింది.

ఇదంతా చెబితే మా అమ్మాయి నవ్వింది. ఆ భయమేదీ తనకు గుర్తులేదట. పప్పు ఏరుతుంటే అవ్వ నోట్లో పెట్టిన వేడి పాకం ముక్కలే గుర్తున్నాయట. ఆ మాట విని నా మనసు చల్లబడింది. మన కాలంలోనూ తిండి చెడింది, పిల్లలకు జబ్బులొచ్చాయి. అప్పుడంతా అమృతమేనని నేననను. కాకపోతే తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడానికి నాలుగు సందుల నడక, ఒక్క బస్సు ప్రయాణం సరిపోయేవి. ఆ చివర మనకు తెలిసిన మనిషే నిలబడి ఉండేవాడు, అడిగితే తలవంచుకునేవాడు. నా కూతురు నాకంటే చదువుకున్నది, నాకంటే జాగ్రత్త గలది. అడగడానికి తనకొక గడప లేదే అని మాత్రం అనిపిస్తుంది.