సగం కట్టిన మిరప బస్తా, తేలని ఒక వాక్యం

గుంటూరు మిర్చి యార్డుకు నేను మిరపకాయల కోసం వెళ్లలేదు, ఒక భాష కోసం వెళ్లాను. రెండు వేల దశకం మొదట్లో అక్కడి ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్లు ఇద్దరు, పద్మజ గారు, మస్తాన్ వలి గారు, కలిసి ఒక భాష తయారుచేస్తుండేవారు. ప్రోగ్రాం రాయడానికి కాదు. ప్రోగ్రాం ఏం చేయాలో, రాయకముందే లెక్కలంత కచ్చితంగా చెప్పడానికి. దానిమీద వార్త రాయమని మా పత్రిక డెస్కు అడిగింది. వాళ్లిచ్చిన పత్రం రెండుసార్లు చదివినా నాకు అర్థమైంది ఒక్కటే: ఒకచోట ఇద్దరికీ పొసగడం లేదు. నేను వెళ్లిన రోజు సాయంత్రంలోగా ఇద్దరూ ఒప్పుకున్న ముసాయిదా, ఈ పనికి ఖర్చు పెడుతున్న హైదరాబాదు కంపెనీకి పంపకపోతే పని ఆగిపోతుంది.

విజయవాడలో పొద్దున్నే బస్సెక్కితే గంట దాటి కొంచెం సేపటికి గుంటూరు. బస్టాండు నుంచి యార్డుకు ఆటో దొరుకుతుంది, బేరం ముందే ఆడుకోవాలి. ఇద్దరూ బస్టాండులోనే కలిసి, ఆటోలో నన్ను మధ్యన కూర్చోబెట్టారు.

"ప్రతి మాటా నిజమో అబద్ధమో అయి తీరాలండి," అన్నారు కుడివైపు నుంచి పద్మజ గారు. "ఈ సరుకు అమ్ముడైందా? అయింది, లేకపోతే కాలేదు. అంతే."

"ఇంకా తేలనివి ఉంటాయి కదండీ," ఎడమవైపు నుంచి మస్తాన్ వలి గారు. ఆయనది వినుకొండ. "తేలలేదు అని మూడో జవాబు ఉండాలి."

"అది పెడితే ప్రతి రుజువూ రెండింతలవుతుంది మస్తాన్ గారూ. ఎవరు చేస్తారు, మీరా?"

"రుజువు తేలికవుతుందని ఉన్నది లేదందామా?"

తమ భాషను పరీక్షించడానికి వాళ్లు ఎంచుకున్న ఉదాహరణ యార్డులో మిర్చి అమ్మకం. అందుకే కళ్లారా చూసి తేల్చుకుందామని బయల్దేరారు. నాకు ఇద్దరి మాటా సబబుగానే తోచింది, అదే ఇబ్బంది.

గేటు దాటగానే తుమ్ములు మొదలయ్యాయి. రైతుల సరుకు అమ్మిపెట్టే కమిషన్ కొట్టు ఒకటి పద్మజ గారికి తెలుసు, దాని ముందు నిలబడ్డాం. ఆ కొట్టులో ఒక పద్ధతి ఉంది. కొనేవాడు ధర చెప్పాక రైతు నోటితో సరే అనడు. చూపించడానికి విప్పిన బస్తా మూతి మళ్లీ కట్టేస్తే అమ్మినట్టు. విప్పి వదిలేస్తే ఇంకొకరు వచ్చి చూసుకోవచ్చు.

ప్రత్తిపాడు రైతు కోటయ్య బస్తా దగ్గర ధర పలికింది. ఆయన గోనె మూతి దగ్గరికి లాగి, తాడు ఒక చుట్టు చుట్టి, ముడి వేయకుండా లేచాడు.

"ఏరా కోటయ్యా, ఇచ్చినట్టా కానట్టా?" కొట్టు యజమాని అరిచాడు.

"ఉండరా బాబూ, టీ తాగొచ్చి చెబుతా. బస్తా పారిపోద్దా?"

"బస్తా పారిపోదులే, కొనేవాడు పారిపోతాడు!"

అన్నట్టే అయింది. కొనే ఆయన కాసేపు చూసి, పక్క కొట్టులో సరుకు తీసుకుని వెళ్లిపోయాడు. కోటయ్య తిరిగొచ్చి, ఖాళీ చోటు చూసి, తాడు విప్పేశాడు. ఆ బస్తా ఆ రోజు కోల్డ్ స్టోరేజీకి వెళ్లింది.

ఇక తేలినట్టే అనుకున్నాను. తిరుగు ప్రయాణంలో, పొద్దుటి ఆటోలోనే, పద్మజ గారు, "మీరే కరెక్టు మస్తాన్ గారూ," అన్నారు. "ఆయన టీ తాగినంతసేపూ అది అమ్ముడైనట్టూ కాదు, కానట్టూ కాదు. నా కళ్లతో చూశాను. మూడో జవాబు పెడదాం."

"వద్దండీ," అన్నారాయన. "కొనేవాడికి మధ్యరకం లేదు. ముడి పడలేదు, వెళ్లిపోయాడు. ఇన్నాళ్లూ మీరు చెప్పిందే నిజం."

"ఇన్నాళ్లూ నన్ను ఏడిపించి, ఇప్పుడా మాట!"

డ్రైవరు వెనక్కి తిరిగాడు. "పొద్దున ఎక్కించింది మిమ్మల్నేగా? ఆవిడ మాట మీరూ, మీ మాట ఆవిడా అంటున్నారేంటండీ? ముందు బండి ఎటు పోనియ్యాలో చెప్పండి."

ముసాయిదా పంపడానికి బ్రాడీపేటలో ఇంటర్నెట్ సెంటరు ముందు దిగాం. లోపల కూడా వాదన సాగింది. సెంటరు మూసే వేళకు పద్మజ గారు కీబోర్డు తనవైపు లాక్కుని, తగువు పడిన చోట ఒక వాక్యం కొట్టారు: "ఈ అంశం ఇంకా తేలలేదు." మస్తాన్ వలి గారు అది చదివి, నవ్వకుండా, ఆమె పేరు కింద తన పేరు కొట్టారు. ముసాయిదా వెళ్లింది.

అది ఒప్పందమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. కంపెనీ మాత్రం ఒప్పందమనే అనుకుంది, పని ఆగలేదు. నిజమో అబద్ధమో తేల్చి చెప్పే భాష, తేలలేదన్న మాట మీద నిలబడింది. అది కూడా, ఆ మాటకు చోటే లేదని పొద్దున వాదించిన మనిషి రాసిన వాక్యం మీద. వార్తలో ఎవరు నెగ్గారని రాయాలో తోచక, జరిగింది జరిగినట్టు రాసి ఇచ్చాను.

మీరు వెళ్లేటట్టయితే సెలవు రోజు కాదని కనుక్కుని పొద్దున్నే వెళ్లండి, ముక్కుకు తడి రుమాలు కట్టుకోండి. మూతి సగం కట్టిన బస్తా కనిపిస్తే మాత్రం చేయి పెట్టకండి. అది ఎవరిదో ఆ క్షణంలో ఎవరూ చెప్పలేరు.