రసాల మధ్య గ్యాస్ వాసన

దెయ్యాలు, మహిమలు అని ఎవరైనా మొదలెడితే నాకు ఒళ్ళు మంట. ఇరవై ఏళ్ళుగా నూజివీడు చుట్టుపక్కల గ్యాస్ స్టవ్‌లు బాగుచేస్తున్నాను. వంటింట్లో ఏదో బుస్సుమంటోందని భయపడి పిలుస్తారు. వెళ్ళి చూస్తే ఏ వాషరో పాడై ఉంటుంది. అలాంటివాణ్ణి ఇది చెబుతున్నాను.

కరోనా వచ్చి తగ్గాక నాకు ముక్కు పనిచేయడం మానేసింది. కాఫీ లేదు, కర్పూరం లేదు, ఏ వాసనా తెలియదు. గ్యాస్ పని చేసేవాడికి ఇంతకన్నా సిగ్గుచేటు ఏముంటుంది? చెబితే ఇంకెవరు పిలుస్తారని ఎవరికీ చెప్పలేదు. లీకుంటే బుడగలొస్తాయని సబ్బు నురగ రాసి చూసుకుని, వాసనేమైనా వస్తోందా అని ఇంటివాళ్ళనే అడిగి నెట్టుకొచ్చాను.

మొన్న వేసవిలో ఒక శుక్రవారం పొద్దున జి. కొండూరు దగ్గర ఒక రైతు ఇంటికి వెళ్ళాను. ఇంటావిడ సుబ్బలక్ష్మి గారికి అరవై దాటి ఉంటాయి. వంటింటి గట్టు కింద, సిలిండర్ పక్కనే, ఎండుగడ్డిలో రసాల మామిడికాయలు మాగబెట్టారు. సీజన్లో మా వైపు ఏ ఇల్లు చూసినా అంతే, ఖాళీ ఉన్న చోటల్లా గడ్డీ కాయలే.

బర్నర్లు కడిగి, పిన్నుతో పొడిచి, బిగించాను. గ్యాస్ తెరిచి రెగ్యులేటర్ దగ్గరా స్టవ్ దగ్గరా నురగ రాశాను. ఒక్క బుడగ రాలేదు. మధ్యలో ట్యూబు గడ్డిలో కూరుకుపోయి ఉంది. బద్ధకించి తీసి చూడలేదు.

"వాసన వస్తోందా అమ్మా?"

"మామిడిపళ్ళ వాసన తప్ప ఈ ఇంట్లో ఇంకేముంటుంది బాబూ!" అని నవ్వారావిడ.

స్టవ్‌కి పసుపు రాసి బొట్లు పెట్టారు. హారతి ఇద్దామని కర్పూరం తెచ్చి, అగ్గిపెట్టె తీశారు.

అప్పుడు తగిలింది గ్యాస్ వాసన, ముక్కు బద్దలయ్యేలా.

"అమ్మా, ఆగండి!" అని అరిచి అగ్గిపెట్టె లాగేసుకున్నాను. రెగ్యులేటర్ కట్టేసి, ఆవిణ్ణి పెరట్లోకి తీసుకుపోయాను. తలుపులన్నీ తెరిచి, చాలాసేపయ్యాక గడ్డి తీసి చూస్తే ట్యూబును ఎలుక కొరికేసి ఉంది.

"నాకేం రాలేదే! నీకెలా తెలిసింది బాబూ?" అన్నారావిడ.

"నాకసలు వాసనే తెలియదమ్మా," అన్నాను. ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి.

ఆవిడ లోపలికెళ్ళి బాగా పండిన రసం తెచ్చి, తొడిమ తీసి నా ముక్కు దగ్గర పెట్టారు. ఎంత పీల్చినా ఏమీ లేదు. అన్ని పళ్ళున్న గదిలో ఒక్క పండు వాసనా తగల్లేదు నాకు, గ్యాస్ ఒక్కటే తగిలింది.

డాక్టర్ని అడిగితే ముక్కు కోలుకుంటోందేమో అన్నాడు. ఇవాళ్టికీ కోలుకోలేదు. ఇప్పుడు ఏ ఇంటికెళ్ళినా ముందే నా సంగతి చెప్పేసి, ట్యూబు ఈ కొస నుంచి ఆ కొసదాకా తడిమి చూస్తున్నాను. ఆ ఒక్క క్షణానికి నాకు ముక్కు ఇచ్చిందెవరో నాకు తెలియదు. రసాల కాలం వచ్చిందంటే మాత్రం ఒక పండు తీసుకుని వాసన చూస్తాను. ఏమీ రాదు. అయినా దణ్ణం పెట్టుకునే తింటాను.