రిజిస్టర్లో లేని తల్లి

మా బడి గేటు మీద 'మనమంతా ఒకే కుటుంబం' అని పెద్ద అక్షరాలతో రాయించింది నేనే. ఎల్బీ నగర్ మెట్రో స్టేషను వెనక, ఒకప్పుడు ఫంక్షన్ హాలుగా ఉండిన మూడంతస్తుల భవనంలో ఆ కుటుంబం కాపురం. పెళ్లికొడుకుని కూర్చోబెట్టిన స్టేజీని గోడలతో మూసి ప్రిన్సిపాల్ గది చేశారు. అందుకేనేమో, ఆ కుర్చీలో కూర్చున్నప్పుడల్లా నాకు ఊరేగుతున్నట్టే ఉండేది.

దిల్‌సుఖ్‌నగర్ పొడుగునా కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు. ర్యాంకుల్లో వాళ్లతో మేం తూగలేం. అందుకని మేం 'కమ్యూనిటీ' అమ్ముకున్నాం. ఆ ముక్క ఒక సెమినార్లో విన్నాను. భోజనం బాగుండి మిగతా సెమినారంతా కునికిపాట్లలో పోయింది, అదొక్కటే గుర్తుండిపోయింది. తిరిగొచ్చిన మర్నాడే ప్రోగ్రెస్ కార్డులో లెక్కలు, సైన్సు కింద ఒక కొత్త గడి చేర్పించాను: 'తల్లిదండ్రుల భాగస్వామ్యం'. నెలనెలా మీటింగుకొచ్చి రిజిస్టర్లో సంతకం పెట్టినవాళ్ల పిల్లలకు 'ఏ' గ్రేడు, రానివాళ్ల పిల్లలకు అన్నిటికన్నా కిందిది, 'ఈ' గ్రేడు. నాతో సహా టీచర్లందరూ కూడా అందులో సంతకం పెట్టాలి. సంతకం లేకపోతే రానట్టే. పెద్దలు చేసిన తప్పుకి పిల్లల మార్కులు కోయడమేమిటని నాకు తోచలేదు. విప్లవం తెచ్చాననే అనుకున్నాను.

తల్లిదండ్రులు పోటీలు పడ్డారు. సరూర్‌నగర్ నుంచి ఒక తండ్రి జ్వరంతో, మఫ్లర్ చుట్టుకుని వచ్చి, సంతకం పెట్టి, అటునుంచటే దవాఖానకు పోయాడు. వాట్సాప్ గ్రూపులో ఆయన్ని మెచ్చుకున్నాను. ఇంకో తల్లి మీటింగంతా ఫోన్లో చీరలు చూసుకుని 'ఏ' గ్రేడు పట్టుకుపోయింది. ఆవిడనీ మెచ్చుకున్నాను. గ్రూపు నిండా చప్పట్ల బొమ్మలు.

ఆ మీటింగులకు కుర్చీలు వేసేది, టీ ఇచ్చేది, చివర్న కప్పులు ఏరేది మా ఆయమ్మ. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చిన మనిషి, మా దగ్గర పదకొండేళ్లుగా ఉంది. ఆమె కూతురు మా బళ్లోనే ఏడో తరగతి. చదువులో ముందు, ఆటల్లో ఇంకా ముందు. ఆ ఏడాది హౌస్ కెప్టెన్ ఆ పిల్లేనని టీచర్లంతా అనుకున్నారు. ఆ పిల్లా అనుకుంది. బ్యాడ్జి పెట్టుకునే చోట చొక్కా జేబు నలగకుండా రోజూ ప్రత్యేకంగా ఇస్త్రీ చేసుకుని వచ్చేదట.

కెప్టెన్ కావాలంటే అన్ని గడుల్లోనూ 'ఏ' ఉండాలన్న రూలు కూడా నాదే. జాబితా నా బల్ల మీదికొచ్చేసరికి ఆ పిల్ల పేరు కొట్టేసి ఉంది. తల్లిదండ్రుల భాగస్వామ్యం: 'ఈ'. ఎవరి కూతురో నాకు తెలుసు. అయినా ఆ గడి చూస్తే ఆయమ్మ మొహం గుర్తుకు రాలేదు. ఇంత చక్కటి పిల్లను ఇంట్లో ఎవరూ పట్టించుకోరు కాబోలని నిట్టూర్చి, జాబితా మీద సంతకం చేసి, "ఆయమ్మా, టీ!" అని కేకేశాను.

టీ బల్ల మీద పెట్టి ఆమె కదల్లేదు. కొంగు చాటు నుంచి ప్రోగ్రెస్ కార్డు తీసింది.

"సార్, నేను ఒక్క మీటింగుకు గుడ రాలేదని రాసిన్రు. పొద్దుగాల్నుంచి పిల్ల బువ్వ ముట్టలేదు. నేను రాంది ఎప్పుడు సార్?"

"రిజిస్టర్లో సంతకం లేదు కదమ్మా," అన్నాను. నా సర్వీసులో ఇంతకన్నా వెధవ మాట ఇంకోటి అనలేదు.

"సంతకం ఎట్ల పెడ్త సార్, చేతుల టీ ట్రే ఉంటది. గా రిజిస్టర్ తెచ్చి బల్ల మీద పెట్టేది గుడ నేనే."

సిగ్గేసింది. అయినా సిగ్గుపడుతూ కూడా రూలు వదల్లేదు. వచ్చే మీటింగులో కూర్చుని సంతకం పెడితే గ్రేడు మారుస్తాను, బ్యాడ్జి సంగతి అప్పుడు చూద్దామన్నాను.

"అందరి నడుమ కూసునుడా? చర్చిల గుడ నేను ఎనకనే కూసుంట సార్," అంది. కానీ వచ్చింది. చర్చికి కట్టుకునే ఆదివారం చీర కట్టుకుని, సంతకం పెట్టి, రెండో వరసలో కూతురి పక్కన ఒదిగి కూర్చుంది.

నేను మైకు పట్టుకుని ఒకే కుటుంబం గురించి దంచుతున్నాను. మధ్యలో గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఒక తండ్రి, "ఏవండీ, ఇవాళ టీ లేదాండీ?" అన్నాడు. అలవాటైన నోరు. "ఆయమ్మా, జర టీ చూడు," అనేశాను, మైకులోనే.

ఆమె చటుక్కున లేచింది. కూతురు ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"సార్, ఇయ్యాల మా అమ్మ మీటింగుకొచ్చింది."

హాలంతా వినపడింది. ఆ పిల్ల తల్లి చెయ్యి వదల్లేదు. నేను మైకు కింద పెట్టి వంటగదిలోకి వెళ్లాను. పాలెక్కడున్నాయో తెలియలేదు. చక్కెర ఎక్కువైంది. ట్రే పట్టుకుని వరస వరసా తిరిగాను, సగం కప్పులు సాసర్లలోకి ఒలికాయి. ఆయమ్మ తల దించుకునే కప్పు తీసుకుంది.

ఎవరో ఫొటో తీసి 'ఎంత నిరాడంబరులో మన సారు' అని గ్రూపులో పెట్టారు. చప్పట్ల బొమ్మలు వరదలా వచ్చాయి. పదకొండేళ్లు టీ ఇచ్చినామెకు ఒక్కటీ రాలేదు.

మర్నాడు ఆ పిల్లకు బ్యాడ్జి ఇచ్చేశాను, ఆ గడి తీయించేశాను. రిజిస్టర్ అటకెక్కించబోతూ చివరి పేజీ తిప్పాను. ఆయమ్మ పేరు ఎదుట, ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాసినట్టు, పెద్దక్షరాల సంతకం ఉంది. నా పేరు ఎదుట ఖాళీ. ట్రే పట్టుకున్న చేతులు, సంతకం పెట్టడానికి తీరిక దొరకలేదు.