మేకులకు వేలాడే తలగుడ్డలు

తోటకూలీల పిల్లల కోసం సంఘం వాళ్లు నడిపే రేకుల షెడ్డులో పిల్లల్ని చూసుకునే ఆయమ్మకు ఇదే ఆఖరి వారం. గోడ మేకులకు వరసగా వేలాడుతున్న తల్లుల తలగుడ్డలు చూస్తుంటే మొదటిరోజు గుర్తొచ్చింది.

ఆనాడు ఓ నెలల బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. బయట కూలీలను తోటకు తీసుకెళ్లే లారీ కదలబోతోంది.

"ఎక్కుతావా, ఇంకోదాన్ని ఎక్కించుకోనా?" మేస్త్రీ అరుస్తున్నాడు. ఎక్కకపోతే కోతల కాలమంతా ఆ తల్లికి పని లేనట్టే.

"నీ తలగుడ్డ ఇటివ్వవే తల్లీ," అంది ఆయమ్మ.

"నిన్నటి చెమట కంపమ్మా అది!"

"కంపు నీకు. దానికి అమ్మ."

ఆ గుడ్డలో చుట్టగానే బిడ్డ వెక్కుతూనే కళ్లు మూసింది. ఆయమ్మ తన తువ్వాలు తల్లి తలకు చుట్టి లారీ ఎక్కించింది. ఒకప్పుడు తన బిడ్డను గట్టున పడుకోబెట్టి, చెవులు అక్కడే వదిలేసి కోతలు కోసిన మనిషే ఆయమ్మ కూడా. పసివాళ్లకింత నీడ చూపాల్సింది తోటల యజమానులు. వాళ్లకు పట్టలేదు గనకే సంఘం పూనుకుంది. ఆనాటి నుంచీ ప్రతి తల్లీ నిన్నటి తలగుడ్డను మేకుకు తగిలించి మరీ లారీ ఎక్కుతోంది.

"ఈ మాసిన గుడ్డలన్నీ ఉతికెయ్యనా పెద్దమ్మా?" ఆయమ్మ బదులు కొత్తగా చేరిన అమ్మాయి మాటతో ఆమె ఈ లోకంలోకొచ్చింది. ఆ పిల్ల చేతిలో బకెట్టు.

"చేతులు విరగ్గొడతా! అమ్మ వాసన పోతే పిల్లలెలా నిద్రపోతారే?"